అపొలోనియా చేతిలో సదాప రెమ్మ

అందరి దయ్యాలూ అర్ధరాత్రి వస్తాయంటారు. నా దగ్గరికి వచ్చింది మధ్యాహ్నం, నేను తిన్న గిన్నె ఇంకా కడగకముందే.

నా పేరు పెట్రొనేలా. మా ఆయన ఊర్బన్ బొమ్మలు వేసేవాడు. ఆయన పోయి పదకొండేళ్ళయింది. పట్నంలో బొమ్మలు వేసేవాళ్ళకి ఒక సంఘం ఉంది, దానికి పెద్దలున్నారు. వాళ్ళు పెద్ద మనసు చేసుకుని ఆయన దుకాణం నన్ను నడుపుకోనిచ్చారు. "మళ్ళీ పెళ్ళి చేసుకునేదాకానే సుమా" అన్నారు. నేను చేసుకోలేదు. వాళ్ళు మర్చిపోయినట్టు నటించారు. వాళ్ళకి ఎప్పుడు గుర్తొస్తుందోనని పదకొండేళ్ళూ నోరు మూసుకుని బతికాను. నోరు మూసుకోవడం నాకు చేతనైన విద్య కాదు, అందుకే అది నాకు అంత కష్టమైంది.

నా పని ఎక్కువగా చనిపోయినవాళ్ళతోనే. దొరల ఇళ్ళలో ఎవరైనా పోతే ఆరు మూలల తగరపు రేకు మీద వాళ్ళ ముఖం వేసి ఇస్తాను. ఆ రేకుని శవపేటికకి తల వైపు, వచ్చినవాళ్ళకి ఎదురుగా, మేకులతో కొడతారు. తమ అంత్యక్రియలకి ఎవరు వచ్చారో, ఎవరు ఎగ్గొట్టారో పోయినవాళ్ళు తామే చూసుకోవాలి కదా. అందుకని కళ్ళు సూటిగా వెయ్యాలి. చర్చిలో ఏ మూల కూర్చున్నా మన వైపే చూస్తున్నట్టు ఉండాలి.

చేతిలో ఏం పట్టించాలన్నది ఇంకా పెద్ద సంగతి. మా పట్నంలో అక్షరం ముక్క రానివాడు కూడా పువ్వు చదువుతాడు. ఆడపిల్ల చేతిలో ఎర్ర కార్నేషన్ ఉంటే సంబంధం ఖాయమైందని అర్థం. చేదు సదాపాకు ఉంటే ఎవరికీ మాట ఇవ్వకుండా కన్నెగానే పోయిందని. కాగితం మీది సంతకాన్ని కాదనడానికి వకీళ్ళున్నారు. పేటిక మీది పువ్వుని కాదనడానికి ఎవరూ లేరు. ఒకసారి మేకులు దిగాయంటే అదే నిజం.

ఆ ఫిబ్రవరిలో కాస్పర్ దొర పెద్ద కూతురు అపొలోనియా పోయింది. పంతొమ్మిదేళ్ళు. జ్వరమన్నారు. ముఖం చూసి గీసుకుందామని వాళ్ళ ఇంట్లో ప్రార్థన గదికి వెళ్ళాను. కిటికీ అద్దాల మీద లోపలి వైపు కూడా మంచు పేరుకుని ఉంది. శవం పక్కన చెల్లెలు తెక్లా ఒక్కతే కూర్చుని ఉంది. పదిహేనేళ్ళ పిల్ల, చలికి ముక్కు ఎర్రబడి, రెండు చేతులూ చంకల్లో దాచుకుని. కొవ్వొత్తులు వెలుగుతున్న గదిలో మైనం వాసన రావాలి. నాకు సదాప వాసన వచ్చింది. నలిపినప్పుడు వచ్చే చేదు వాసన, గొంతులో అడ్డంపడేది. చూస్తే అపొలోనియా కుడి గుప్పిట్లో సదాప రెమ్మ ఉంది.

"తియ్యలేకపోయారు" అంది తెక్లా గుసగుసగా. "నాన్న లాగి చూశారు, వంటామె లాగి చూసింది. వేళ్ళు రాలేదు."

"ఏం జరిగింది తల్లీ?"

పిల్ల తలుపు వైపు చూసింది. "స్టారోస్తా గారు మాట ఖాయం చేసుకోడానికి భోజనానికి వచ్చారు. నాన్న బాతు కోయించారు. అక్క వంటింట్లోకి వెళ్ళి ఆ బాతు నెత్తురుతోనే నల్లచారు కాచింది. తనే పట్టుకొచ్చి ఆయన ముందు పెట్టింది."

నాకు నవ్వొచ్చింది. శవం దగ్గర నవ్వడం పాపమే, అయినా ఆగలేదు. పెళ్ళి మాటకి వచ్చినవాడికి నల్లచారు పెట్టారంటే పిల్లని ఇవ్వడం లేదని చెప్పినట్టు. వాడు మారుమాట్లాడకుండా గుర్రమెక్కాలి. స్టారోస్తా ఏమన్నా చిన్నవాడా! రాజుగారి పేరు చెప్పి మా పట్నాన్ని ఏలేవాడు. యాభై నాలుగేళ్ళు. ముగ్గురు పెళ్ళాల్ని సాగనంపినవాడు. ఆ ముగ్గురి ముఖాలూ మా దుకాణంలోనే వేశాం. ముగ్గురివీ చిన్న వయసు ముఖాలే.

"తర్వాత?"

"అక్కని ధాన్యం కొట్లో పెట్టి తాళం వేశారు. సరే అనేదాకా తియ్యనన్నారు. నేను తలుపు సందులోంచి మాట్లాడేదాన్ని. సరే అనేయవే అక్కా, తర్వాత చూసుకుందాం అని ఏడ్చాను. అననే, అంది. నాలుగు రోజులు అదే మాట. అయిదో రోజు పిలిస్తే పలకలేదు."

నా నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు. ఫిబ్రవరిలో, ధాన్యం కొట్లో, కన్నకూతుర్ని! కుక్కని కూడా ఆ చలిలో కట్టెయ్యరు.

"ఇప్పుడు నన్ను వెళ్ళమంటున్నారు" అంది తెక్లా. "అక్కకి ఖాయమైన సంబంధమే అని అందరి ముందూ తేలితే, ఇచ్చిన మాట కోసం అక్క బదులు నేను వెళ్ళాలట. ఖాయం కాలేదంటే ఎవరూ వెళ్ళక్కర్లేదట. పెట్రొనేలమ్మా... అక్క చేతిలో ఉన్నదే వేస్తారు కదా?"

"ఉన్నదే వేస్తాను" అన్నాను.

వేశాను కూడా. అయిదు రోజులు కూర్చుని వేశాను. నిజం చెప్తున్నా, అంత మంచి ముఖం నేను ఎప్పుడూ వెయ్యలేదు. గడ్డం కొంచెం ముందుకి, పెదవులు బిగించి, కళ్ళు సూటిగా. నాజూకుగా ఉన్న వేళ్ళ మధ్య సదాప రెమ్మ. చిన్న చిన్న ఆకులు, ఒక్కొక్కటీ విడిగా. రాగి చిలుము నుంచి తీసిన పచ్చ రంగు ఖరీదైనదైనా పొదుపు చెయ్యలేదు.

ఆరో రోజు కాస్పర్ దొర దుకాణానికి వచ్చాడు. టోపీ తియ్యలేదు. కూతురి ముఖం ఎక్కువసేపు చూడలేదు, చెయ్యి మాత్రం చూశాడు.

"ఇదేం ఆకే?"

"సదాప, దొరగారూ. అమ్మాయిగారి చేతిలో ఉన్నదే."

"నా కూతురికి సంబంధం కుదిరింది. కార్నేషన్ వెయ్యి."

"కుదిరిందా? పట్నమంతా చారు గురించి చెప్పుకుంటుంటే కుదరలేదేమో అనుకున్నా."

ఆయన దుకాణం అంతా నెమ్మదిగా చూశాడు. రంగులు నూరే రాయి, కుంచెలు, గోడకి ఊర్బన్ చొక్కా. "ఊర్బన్ పోయి పదేళ్ళు దాటింది కదూ? నువ్వింకా ఒంటిగానే ఉన్నావు. సంఘం పెద్దలకి ఎవరూ గుర్తు చెయ్యలేదా, పాపం?"

నేను కుంచెని గుడ్డతో తుడుస్తూ నిలబడ్డాను.

"శనివారం అంత్యక్రియలు. బుధవారం నుంచి నలభై రోజుల ఉపవాసాలు, ఇక పెళ్ళిళ్ళుండవు. మంగళవారంలోగా తెక్లా వెళ్ళిపోవాలి. కార్నేషన్ వెయ్యి. బాగా ఎర్రగా ఉండాలి."

ఆయన వెళ్ళిపోయాక వాకిట్లోకి ఉమ్మేశాను. ఉమ్మి ఏం లాభం? కుంచె తీసి ఎరుపులో ముంచాను. గడ్డి తిన్నాను, అంతే. ఆ పిల్ల బతికుండగా నాలుగు రోజులు చలిలో పెట్టి తాళం వేసినా అనని "సరే"ని, చచ్చాక దాని చేతిలో నేను పెట్టాను. పైగా పనిలో కూడా దొంగతనమే చేశాను. పాత రంగుని రేకు దాకా గీకి తియ్యాలి, అది పద్ధతి. ఆ ఆకులు గీకడానికి మనసొప్పక, వాటి మీదే ఎరుపు వేశాను.

వేసి, క్యాబేజీ చారు తాగి, గిన్నె పక్కన పెట్టి తిరిగి చూశాను. ఎరుపులోంచి పచ్చ తేలుతోంది.

భయపడలేదు. చిలుము పచ్చ గుణమే అది, పైకి వస్తుంది. నా దొంగపనికి తగిన శాస్తి అనుకుని కత్తి తీసుకుని గీకాను. రేకు తెల్లగా మెరిసేదాకా గీకాను. నూనెతో తుడిచాను. మళ్ళీ కార్నేషన్ వేశాను. ఈసారి కదలకుండా చూస్తూ కూర్చున్నాను.

బయట మంచు కురుస్తోంది. బండ్లు తిరగడం ఆగిపోయింది. పొయ్యిలో కట్టె చిటపటమంటోంది. కాసేపటికి అదీ ఆగింది. దుకాణంలో ఎప్పుడూ ఉండే అవిసె నూనె వాసన సన్నబడి, దాని కిందనుంచి ఇంకో వాసన లేచింది. చేదుగా. నలిపిన ఆకు.

రేకు మీద చిన్న చప్పుడు. టిక్.

చలికి తగరం ముడుచుకుంటుంది, తెలుసు.

టిక్... టిక్...

గోటితో తట్టినట్టు. లోపలి వైపు నుంచి.

పువ్వు మధ్యలో ఒక ఆకు. తర్వాత ఇంకోటి. కింద రంగే లేదు... తెల్లటి రేకు... నేనే గీకాను. ఎక్కడినుంచి వస్తోంది? దగ్గరికి వంగి చూశాను. అప్పుడు కనిపించింది. నేను వేసింది వదులుగా పట్టుకున్న వేళ్ళు. ఇప్పుడు అవి గుప్పిట. కణుపులు తెల్లబడేంత బిగించిన గుప్పిట. అలాంటి గుప్పిట నేను వెయ్యలేదు. నాకు వెయ్యడం కూడా రాదు.

"పెట్రొనేలమ్మా..."

నా చెవి పక్కనే. ఊపిరి చల్లగా తగిలింది.

కదలలేదు. కదిలితే పక్కన ఎవరున్నారో కనిపిస్తుంది.

"నేను సరే అన్నానా?"

"లేదు" అన్నాను.

"మరి?"

అంతే అడిగింది. అరిచి ఉంటే బాగుండేది, జుట్టు పట్టుకున్నా బాగుండేది. జవాబు లేనప్పుడు మనిషికి కోపం వస్తుంది. నాకూ వచ్చింది.

"నీకేం తల్లీ, నువ్వు పోయావు! నేను బతకాలి! దుకాణం పోతే నాకు దిక్కెవరు, నువ్వు పెడతావా తిండి? చేసింది మీ నాన్న, వెళ్ళి ఆయన్ని అడుగు. నన్నెందుకు అడుగుతావు? కుంచె పట్టుకున్న నేనే కదా దొరికాను నీకు!"

చెవి పక్కన ఊపిరి లేదు.

కళ్ళు సగం మూసుకుని, మూడోసారి కార్నేషన్ వేశాను. ఈసారి పువ్వు నిలిచింది. ఆకు రాలేదు, గుప్పిట వేళ్ళు వదులయ్యాయి, ఏమీ జరగనట్టే ఎర్రగా నిలిచింది. అన్నిటికన్నా అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

శనివారం చర్చి కిటకిటలాడింది. పట్టపగలే వందల కొవ్వొత్తులు, సాంబ్రాణి పొగ. కాస్పర్ దొర గుడ్డ తొలగించి రేకు చూసి, "ఊఁ, ఇదీ పద్ధతి" అన్నాడు. మేకులు కొట్టారు. ముందు వరసలో తెక్లా. దాని పక్కనే స్టారోస్తా. అందరూ చూస్తుండగానే పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. తెక్లా ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను తల దించుకున్నాను.

మా వాళ్ళకి ఒక అలవాటుంది. పెద్దింటి శవాన్ని సాగనంపేటప్పుడు పాదిరిగారు పోయినవాళ్ళ నోటితో మాట్లాడి, పేరు పేరునా అందరి దగ్గరా సెలవు తీసుకుంటారు. తాతల నాటినుంచి చేస్తున్నాం. పోయినవాళ్ళకి నోరిస్తే ఏం మాట్లాడతారో ఒక్కరమూ ఆలోచించలేదు.

పాదిరిగారు పేటిక పక్కన నిలబడి గొంతు సవరించుకున్నారు. డెబ్భై ఏళ్ళ మనిషి, బొంగురు గొంతు. "నేను, అపొలోనియాని, ఈ లోకం నుంచి సెలవు తీసుకుంటున్నాను. నాన్నగారూ, మీ పెంపకానికి వందనం. చెల్లీ తెక్లా, నీకు నా ముద్దు. నాకు నిశ్చయమైన వరుడా, మీకిచ్చిన మాట తప్పకుండా, నా బదులుగా..."

ఆగిపోయారు. నోరు తెరిచే ఉంది.

చర్చిలో ఎవరో దగ్గారు.

"నేను సరే అనలేదు."

ఆ నోట్లోంచే వచ్చింది. పెదవులు కదలలేదు. అది ఆడపిల్ల గొంతు.

"నాలుగు రోజులు అడిగారు... నాలుగు రోజులూ అనలేదు."

నా వెనక ఒకామె శిలువ గుర్తు వేసుకుంటూ కూలబడింది. చేదు వాసన... సాంబ్రాణిని తొక్కేసి లేచింది. కాస్పర్ దొర బల్ల మీద గుద్ది లేచాడు.

"మోసం! ఎవడో గొంతు మారుస్తున్నాడు! కళ్ళు లేవా మీకు, రేకు చూడండి! చేతిలో కార్నేషన్ ఉంది! సంబంధం ఖాయమైంది! పెట్రొనేలా! ఎక్కడ చచ్చావే? లేచి చెప్పు, ఆ పువ్వు వేసింది నువ్వు కాదా?"

తలలన్నీ నా వైపు తిరిగాయి. రేకు మీది కళ్ళూ తిరిగాయి. ఆ కళ్ళు అందరినీ చూడాలి, అలాగే వేశాను. తర్వాత అడిగితే ఒక్కరు కూడా తమ వైపు చూసిందని అనలేదు.

లేచాను. దుకాణం గుర్తొచ్చింది, రంగులు నూరే రాయి గుర్తొచ్చింది. దానితో పాటు పదకొండేళ్ళ కోపం నోట్లోకి వచ్చేసింది.

"నేనే వేశాను! ముందు వేసింది సదాప. పిల్ల చేతిలో ఉన్నది అదే. ఈ దొర వచ్చి, నా దుకాణం లాక్కుంటానని బెదిరించి, కార్నేషన్ వేయించాడు. నేను సిగ్గులేక వేశాను. నమ్మకపోతే పేటిక తెరవండి! గుప్పిట విప్పండి! కొట్లో పెట్టి చంపాడు పిల్లని, జ్వరం కాదు, మట్టీ కాదు!"

ఎవరూ పేటిక తెరవలేదు. అక్కర్లేకపోయింది. స్టారోస్తా తెక్లా చెయ్యి వదిలేశాడు. తన అరచేతిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నాడు. కోటుకి తుడుచుకున్నాడు, మళ్ళీ చూసుకున్నాడు. టోపీ అక్కడే వదిలేసి గబగబా నడిచి బయటికి వెళ్ళిపోయాడు. తెక్లా ఆ రోజే, అంత్యక్రియలకి వచ్చిన మేనత్త బండెక్కి వాళ్ళ ఊరు వెళ్ళిపోయింది. ఇప్పుడు అక్కడ బాగుంది, తిని తిరుగుతోంది, తనకి నచ్చినవాడు దొరికినప్పుడు చేసుకుంటుందట.

పాదిరిగారికి ఏమీ గుర్తు లేదు. ప్రసంగం చివరిదాకా చదివానని ఇప్పటికీ వాదిస్తారు.

పేటికని నేలమాళిగలోకి దించే ముందు రేకు విప్పి చర్చి గోడకి తగిలించడం ఆనవాయితీ. గంటలు కొట్టే ముసలి బార్తోష్ మేకులు పీకుతూ నన్ను పిలిచాడు.

"అమ్మా, వెనక కూడా వేశావేంటి?"

"వెనకేముంటుంది, వట్టి రేకు."

తిప్పి చూపించాడు. కాస్పర్ దొర ముఖం ఉంది. నా చేతి పనే, నా కుంచె విరుపులే, ముక్కు పక్కన నేను వేసే నీడే. రంగు తడిగా ఉంది. చేతిలో ఎండిన గసగసాల కాయ. అది మేము పోయినవాళ్ళకే వేస్తాం, ఊపిరి ఉన్నవాళ్ళు ఎంత బతిమాలినా వెయ్యం. అదే సమయానికి దొర చర్చి బయట నన్ను తిడుతున్నాడు, అరుపులు లోపలికి వినిపిస్తున్నాయి.

మంగళవారం, అంటే పెళ్ళికి పెట్టిన ఆఖరి గడువు రోజు, ఆయన ధాన్యం కొట్లో దొరికాడు. తలుపుకి ఆనుకుని కూర్చుని, చలికి కట్టెలా బిగుసుకుపోయి. గోళ్ళు విరిగిపోయి ఉన్నాయట. తలుపుకి తాళం లేదు, గడియ లేదు. తోస్తే తెరుచుకునేదే.

ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగుతాడు. నేను ఏడవలేదు.

ఈస్టర్ పోయాక సంఘం పెద్దలకి నా సంగతి గుర్తొచ్చింది. తాళం చెవి ఇచ్చేశాను. ఇప్పుడు చర్చి కొవ్వొత్తులకి మైనం గీకి పెడుతుంటాను, రెండు పూటలా గడుస్తోంది. అది సమస్య కాదు.

రేకు గోడకే ఉంది, ముఖం ఇటు, వీపు రాతికి. వేసవి మొదట్లో బార్తోష్ దుమ్ము దులుపుతూ దాన్ని తిప్పి, నన్ను పిలవాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాడట. దొర ముఖం పక్కన ఇంకో ముఖం గీత మొదలైంది. తలకి విధవల గుడ్డ. గడ్డం మీద పుట్టుమచ్చ. నా పుట్టుమచ్చ.

అప్పటినుంచి వారం వారం వెళ్ళి చూస్తున్నాను. బుగ్గలకి రంగు వచ్చింది. కళ్ళు వచ్చాయి, సూటిగా. నిన్న మాత్రం ఓపిక పట్టలేక గోడ మీద చేత్తో కొట్టాను. "అబద్ధం వేశాను, నిజమే! నిజం చెప్పింది కూడా నేనే కదే! నీ చెల్లెలు బతికింది కదే! ఇంకేం కావాలి నీకు? చంపుతావో వదిలేస్తావో తేల్చు!" అని అరిచాను. బార్తోష్ పరుగున వచ్చి, చర్చిలో అరవకూడదమ్మా అని నా భుజం పట్టుకున్నాడు. రేకు తిప్పాడు.

ముఖం పూర్తయింది. చెయ్యి కూడా పూర్తయింది. వేళ్ళు పట్టుకోవడానికి సిద్ధంగా, కొంచెం విప్పి ఉన్నాయి. వాటి మధ్య ఏం పెట్టాలో అపొలోనియా ఇంకా తేల్చుకోలేదు.